బూజు పట్టని జాడీ

సున్నం వేసి వెనక్కి తిరిగేలోపు గోడకు బూజు పట్టే కాలం అది. కాకినాడలో గొడుగులకూ గడియారాలకూ పట్టింది. కునుకు తీసిన ఓ రిటైర్డ్ హెడ్మాస్టరుకు కూడా పట్టింది. అది ఊపిరితిత్తుల్లో చేరితే ఒంటికి హాని లేకుండా నయం చేసే మందు ఒక్కటే మిగిలింది. ఏ ఇంట్లోనైనా ఆ మందును అడ్డదిడ్డంగా వాడితే, ఆ ఇంటి బూజు ఇక దానికి లొంగదు.

ఆసుపత్రి మంచం మీద వరహాలమ్మ ఊపిరందక ఎగపోస్తోంది. భర్త సూరన్న క్యారేజీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ మందు ఇంట్లో ఎప్పుడైనా వాడారా బాబాయ్?" అని డాక్టర్ నస్రీన్ అడిగింది.

"ఒట్టండి, లేదండి."

ఆమె సూదిలోకి మందెక్కించింది. "క్యారేజీలో ఏంటి?"

"ఆవకాయన్నమండి. మూడేళ్ల ఆవకాయ. ఇసుమంత బూజు లేదు."

నస్రీన్ చెయ్యి ఆగిపోయింది. "జాడీలో ఏం కలిపారు?"

సూరన్న తల దించుకున్నాడు. "నా తామరకిచ్చిన బిళ్లలండి. పద్నాలుగు రోజులు మింగమన్నారు. నాలుగు రోజులకే తగ్గింది. మిగిలినవి పారెయ్యడమెందుకని మా ఆవిడే నూరి కలిపేసింది."

"ఆ బిళ్లలూ ఈ మందే బాబాయ్. ఇక ఈవిడకి ఇది పనిచెయ్యదు. పాత మందు పెడతాను. కిడ్నీలు దెబ్బతినొచ్చు, రోజూ పరీక్ష చెయ్యాలి."

ఆమె నిండిన సూదితో పక్క మంచం వైపు తిరిగింది. సూరన్న అడ్డొచ్చాడు.

"ఆయనకీ వద్దండి. ఎదురింటాయన. ఏటా సీసాడు పంపుతాం."

"ఆ పక్కావిడకి?"

"మా వియ్యపురాలండి," అన్నాడు సూరన్న. "ఆవిడకి జాడీయే పంపాం."