గోదాము ఆచూకీ

శనివారం పొద్దున్న ఖరగ్‌పూర్‌లో రైలు దిగగానే విల్‌ఫ్రెడ్ సంచీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయాడు.

"ఏట్రా, సొంతూరొచ్చి అలా బిగుసుకుపోతన్నావు?" అంటూ ఆమోసు వీపు మీద ఒక్కటి చరిచాడు.

విశాఖపట్నం నుంచి ముగ్గురు వచ్చారు. ఆమోసు, అతని భార్య సూసన్న, విల్‌ఫ్రెడ్. ముగ్గురూ ఇక్కడి రైల్వే క్వార్టర్లలో ఒకే వరసలో పెరిగినవాళ్ళు. వయసులో తిరిగిన చోట్లన్నీ రెండు రోజులు మళ్ళీ తిరగాలన్నది ఆమోసు ముచ్చట. అది తీరేసరికి తొంభై నాలుగో సంవత్సరం వచ్చింది. అంతకుముందు మూడుసార్లు విల్‌ఫ్రెడ్ ఏదో ఒక సాకు చెప్పి తప్పించాడు. ఈసారి సాకులు అయిపోయాయి.

పగలంతా బాగానే గడిచింది. ట్రాఫిక్ అనే రైల్వే పేటలో ఆమోసు పుట్టిన క్వార్టరు ముందు నిలబడితే లోపలున్న ఒడియా ఆవిడ పిలిచి టీ ఇచ్చింది. న్యూ సెటిల్‌మెంట్ పేట దాకా నడిచారు. ఆమోసు కుంటుతూనే అందరికంటే ముందు నడిచాడు. సూసన్న చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది.

సాయంత్రం గోల్‌బజార్‌లో నగరేశ్వరరావు మిఠాయి కొట్టు దగ్గర ఆగారు. పాత పరిచయం. మాటల మధ్య ఆయన ఆమోసు మోకాలి వైపు చూశాడు.

"ఆ దినం పోలీసు జీపు తోలినాడు సూడు, ఘోష్ దాదా... రిటైరైపోయినాడు. పూరీ గేట్ కాడ పాన్ కొట్టు ఎట్టుకున్నాడు."

ఆమోసు చేతిలోని సింగారా, సగం తిన్న ఆ సమోసా, కాగితం మీద పెట్టేశాడు. విల్‌ఫ్రెడ్ లేచి డబ్బులు తియ్యబోయాడు.

డెబ్బై నాలుగు రైల్వే సమ్మెలో ఆమోసు, విల్‌ఫ్రెడ్ ఇద్దరి మీదా వారెంట్లు ఉండేవి. ట్రాఫిక్ వెనక పాడుబడ్డ గోదాములో తొమ్మిది రోజులు దాక్కున్నారు. తెలిసినవాళ్ళు రోజుకొకరు చాటుగా అన్నం తెచ్చి ఇచ్చేవారు. పదో రోజు విల్‌ఫ్రెడ్ బీడీలకని బయటికి వెళ్ళినప్పుడు, ఎవరో దారి చూపించినట్టు పోలీసు జీపు నేరుగా అక్కడికే వచ్చింది. ఆమోసు గోడ దూకి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. నాలుగు నెలలు జైలు. ఉద్యోగం పోయింది. విల్‌ఫ్రెడ్ దొరకలేదు. సమ్మె ముగిశాక అతన్ని మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు.

"దారి సూపించినోడు ఆ జీపులోనే కూసోనుంటాడు," అన్నాడు ఆమోసు. "మనకి బువ్వ తెచ్చినోళ్ళలోనే ఎవడో. ఘోష్‌కి తెలీకుండా ఉంటాదా?"

"ఇన్నేళ్ళయ్యాక ఎందుకురా? తెలిస్తే ఏటి సేస్తావు?" అన్నాడు విల్‌ఫ్రెడ్.

"ఏటీ సెయ్యను. ఒక్కసారి ఆ మొహం సూస్తాను. మరి జన్మలో సూడను."

ఆ రాత్రి లాడ్జిలో విల్‌ఫ్రెడ్‌కి కన్ను మూతపడలేదు. విశాఖలో వాళ్ళవి పక్కపక్క ఇళ్ళు. భార్య పోయిన దగ్గర్నుంచి అతనికి ఆదివారం భోజనం ఆమోసు ఇంట్లోనే. లోకంలో తనవాళ్ళు అనుకోడానికి అతనికి ఉన్నది ఆ గడప ఒక్కటే.

మర్నాడు చర్చి అయ్యాక ఆమోసుని పూరీ గేట్ వైపు పోనివ్వకుండా ఇంకెటైనా తిప్పుదామని చూశాడు. స్టేషను వైపు వెళ్దామన్నాడు. ఎండగా ఉందన్నాడు.

"అన్న సెప్పింది నిజమే. తల నొప్పెడతంది, ఎల్లిపోదాం," అంది సూసన్న కూడా.

ఆమోసు రిక్షా ఎక్కి కూర్చున్నాడు. "పూరీ గేట్."

ఘోష్ దాదా బాగా ముసలివాడయ్యాడు. తెలుగువాళ్ళ మధ్య బతికినవాడు కాబట్టి తెలుగు వచ్చు. ఆమోసు పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

"ఆ గోదామా? హాఁ, యాద్ హై, గుర్తుంది. జీప్ నేనే నడిపినాను."

"దారి సూపించిందెవరు, దాదా?"

ఘోష్ కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. నోరు తెరిచాడు.

"నేను," అన్నాడు విల్‌ఫ్రెడ్.

ఆమోసు ముందు నవ్వాడు. స్నేహితుడి మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"డ్యూటీకొచ్చేస్తే కేసుండదని మైకులో సెప్పినారు. నమ్మినాను. నిన్నూ ఇంటికి పంపించేస్తారనుకున్నాను. నా ఉద్యోగం ఎలా నిలబడిందనుకున్నావురా?"

ఆమోసు ఘోష్ వైపు తిరిగాడు. "నిజమేనా, దాదా?"

ముసలాయన విల్‌ఫ్రెడ్‌ని చాలాసేపు చూశాడు. తర్వాత తలొంచుకుని ఆకుకి సున్నం రాయసాగాడు.

"ఠీక్ హై. ఆయనే చెప్తున్నాడు కదా, బాబూ."

ఆమోసు తిట్టలేదు. కొట్టలేదు. అన్నట్టుగానే ఒక్కసారి నిలువునా ఆ మొహం చూశాడు. తర్వాత భార్య చెయ్యి పట్టుకుని, "పద," అన్నాడు. రిక్షా కోసం కూడా ఆగలేదు. కుంటుకుంటూ నడిచిపోయాడు.

సాయంత్రం ప్లాట్‌ఫారం మీద ఆమోసు టికెట్ కలెక్టరుని బతిమాలి వేరే పెట్టెలో రెండు సీట్లు సంపాదించాడు. విల్‌ఫ్రెడ్ దూరంగా బెంచీ మీదే కూర్చుండిపోయాడు. ఈ బండికి కాదు, తర్వాతి బండికి వెళ్ళాలనుకున్నాడు. వచ్చే ఆదివారం ఎక్కడ తింటాడో తెలియదు. కానీ పొద్దుటి దాకా ఉన్న భయం మాత్రం ఇప్పుడు లేదు.

ఆమోసు ఎక్కాడు. సూసన్న మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది. పెదవులు కదిలాయి. బండి కదిలింది.

ఇరవై ఏళ్ళ కిందట బీడీ కట్ట పట్టుకుని తిరిగొస్తూ విల్‌ఫ్రెడ్ చూసినప్పుడు, జీపు ముందు సీటులో కూర్చుని గోదాము వైపు చెయ్యి చాపి చూపిస్తున్నది ఆమోసుతో పెళ్ళై మూడు నెలలు కూడా నిండని సూసన్న.