మేడమ్ లాగిన్

"మేడమ్ ఓకే చెయ్యాలి బాబాయ్. మా చేతుల్లో ఏముంది?"

జనన మరణాల నమోదు ఆఫీసులో కొత్తగా చేరిన కంప్యూటరు అమ్మాయి, కౌంటరుకి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పే మాటే టైలరుకీ చెప్పింది. ఆయన తలూపి, గోడవారగా ఉన్న బల్ల మీద తన చోట్లో కూర్చున్నాడు.

టైలరు భార్య వానాకాలంలో జ్వరమొచ్చి పోయింది. ఇప్పుడు ఎండలు ముదిరాయి. పోయిందని ఒక్క కాగితం రాసివ్వమని ఆయన కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నాడు. దరఖాస్తు పెట్టినప్పుడల్లా ఫోనుకి ఒకటే సందేశం: తిరస్కరించడమైనది. ఎందుకో ఉండదు.

కంప్యూటర్లు రాకముందు ఇక్కడ పని కాకపోతే తిట్టుకోవడానికి ఒక ముఖం ఉండేది. బీరువా తాళంచెవి పోయిందనో, పెద్దాయన ఊళ్లో లేడనో గుమాస్తా అబద్ధం చెప్పేవాడు. అబద్ధమైనా మనిషే చెప్పేవాడు. ఇప్పుడంతా సిస్టమ్. దానికి టీ అక్కర్లేదు, సిగ్గూ అక్కర్లేదు.

ఆ సిస్టమ్‌లో ఆఖరి ఆమోదం మేడమ్‌ది. ఆవిడ సీట్లో కనబడరు గానీ, ఆఫీసు తెరవగానే తెర మీద ఆవిడ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. సెలవు పెట్టరు. ఎవరినీ కసరరు. పాస్‌వర్డు చీటీ మానిటరుకే అంటించి ఉంటుంది కాబట్టి, ఆవిడ తరఫున ఎవరో ఒకరు బటన్లు నొక్కేస్తారు. పని అయితే గొప్ప ఆఫీసుది. కాకపోతే తప్పు మేడమ్‌ది.

"ఎవరా మహాతల్లి?" వరసలో ఉన్న ముసలావిడ గొంతు పెంచింది. "మా మనవడి పుట్టిన తేదీ తప్పు పడి బళ్లో చేర్చుకోవట్లేదు. ఒక్కసారన్నా మొహం చూపించదే! ఆవిడకి పిల్లల్లేరా? పుట్టగతులుంటాయా?"

టైలరుకి ఆ మాట గుచ్చుకుంది. లేచి నిలబడ్డాడు.

"అలా అనకండి పిన్నిగారూ. ఆవిడ చేతిలో ఏమీ లేదు."

"నీకేం తెలుసయ్యా? నీ పని ఆపింది కూడా ఆవిడేగా!"

"ఆవిడేనండీ. అయినా అనకండి."

వరసంతా నవ్వింది. ఇలాంటి మెతకవాళ్లు ఉండబట్టే ఆఫీసులు ఇలా తగలడ్డాయని వెనకనుంచి ఎవరో అన్నారు. అందులో నిజం లేకపోలేదు.

టైలరు లోపలికెళ్లి సూపరింటెండెంటు ముందు నిలబడ్డాడు. ఆయన ఎప్పట్లాగే కళ్లు కలపలేదు.

"ఆ లాగిన్ తీసేసి ఇంకొకరికి ఇవ్వొచ్చు కదండీ?"

"తీసేస్తే ఊరంతటి పనీ ఆగిపోతుంది. పైవాళ్లు కొత్త మనిషిని వెయ్యరు. నా లాగిన్‌కేమో ఆ అధికారం లేదు. మార్చమని రాస్తే పై ఆఫీసు ఒక కాగితం జతచేసి పంపమంటోంది."

"ఆ కాగితం ఎవరివ్వాలి?"

"మేడమే ఇవ్వాలి."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటే ఇదే. సూపరింటెండెంటు చెడ్డవాడేం కాదు. భయస్తుడు. భయస్తులు కూడా చాలినంత చెరుపు చేస్తారు.

బయటికొచ్చాక టైలరు మేడమ్ కుర్చీ వైపు చూశాడు. కుర్చీలో నీలం రంగు దిండు, ఒక మూల కుట్టు ఊడి దూది బయటికొస్తోంది. ఆయన చొక్కా కాలరు కింద గుచ్చుకున్న సూది తీసి, వంగి కుట్టడం మొదలుపెట్టాడు.

"మేడమ్ కుర్చీకి కూడా సేవ చేస్తున్నారా బాబాయ్? అలాగైనా కరుగుతారనా?" కంప్యూటరు అమ్మాయి నవ్వింది.

"గట్టి కుర్చీ కదమ్మా. నడుం పట్టేస్తుంది."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

"ఆ కాగితంతో ఇంత అవసరమేంటి బాబాయ్? ఏమన్నా రావాలా?"

"ఏమీ వద్దమ్మా. ఇంటికెళ్లగానే మా పిల్ల ఒకటే అడుగుతుంది. అమ్మని వదిలారా నాన్నా అని. రేపు వదులుతారంటాను. ఎన్ని రేపులని చెప్పను? పోయిన మనిషిని పోయిందని మీరు ఒప్పుకుంటే చాలు. ఇంట్లో కూర్చుని ఏడ్చుకుంటాం. ఏడవడానిక్కూడా తీరిక లేకుండా ఉంది."

అమ్మాయికి కళ్లు చెమర్చాయి. కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఇలా రండి. ఇవాళ ఇది తేల్చేద్దాం."

పాత నంబరు కొట్టి దరఖాస్తు మళ్లీ ఎక్కించింది. చీటీ చూసి మేడమ్ పాస్‌వర్డు కొట్టింది. ఆమోదం నొక్కింది. తెర ఒక్క క్షణం ఆలోచించి ఎర్రబడింది. తిరస్కరించడమైనది.

ఆ మాట కింద ఒక మూల 'వివరాలు' అని చిన్న బటన్ ఉంది. ఇన్ని నెలల్లో దాన్ని నొక్కిన పాపాన ఎవరూ పోలేదు.

"వద్దమ్మా, అది నొక్కకు," అంటూ సూపరింటెండెంటు తలుపు దగ్గరికొచ్చాడు.

టైలరు సూదిని మళ్లీ కాలరు కింద గుచ్చుకున్నాడు. "నొక్కనివ్వండి సార్. ఎవరో ఒకరు చూడాలి కదా."

అమ్మాయి నొక్కింది. పచ్చచుక్క పక్కనున్న పేరూ, దరఖాస్తులో ఉన్న పేరూ తెర మీద ఒకదాని కింద ఒకటి వచ్చాయి. వాటి కింద ఒకే ఒక్క వాక్యం.

'మరణించిన వ్యక్తి, ఆమోదించే అధికారి ఒక్కరే అయినందున ఈ దరఖాస్తు తిరస్కరించడమైనది.'