ఆగిన చోటు నుంచే

"మళ్ళీ లాగు" అన్నాడు బావ, తెర మీంచి చూపు తిప్పకుండా.

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్, అతని బావమరిదే, బల్ల కింద బోర్లా పడుకుని నీలం నెట్ కేబుల్ పీకాడు. పది లెక్కపెట్టి మళ్ళీ గుచ్చాడు. మెడ పట్టేసింది.

"ఏమైంది?"

"ఏమవుతుంది? అరవై రెండు శాతం, అరవై మూడు... పోతూనే ఉంది. అసలు ఆగినట్టే తెలియలేదు. అదీ నా చేతిపని!"

అది బావ రాసిన డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్. మధ్యలో నెట్ తెగినా ఫైలు ఆగిన చోటు నుంచే రావాలి. రాదని టెస్టర్ అనుమానం. పొద్దుటి నుంచి తొమ్మిదిసార్లు పీకాడు. ఒక్క తప్పూ దొరకలేదు.

"పాస్ అని రాసెయ్యరా. మనిద్దరి కాంట్రాక్టూ ఇవాళ మధ్యాహ్నం పన్నెండుతో సరి. హెడ్డాఫీసు నుంచి పొడిగింపు కాగితం వస్తుందో రాదోనని నేను చస్తుంటే, మధ్యలో నీ గోలేమిటి?"

"పోయినసారి నీ మాట నమ్మి రాశాను. చీవాట్లు తిన్నది నేను. అక్క మొగుడివని ఈసారి వదలను బావా."

పక్కగదిలోంచి గుమాస్తా కేకేసింది. "ఒక్కసారి ఇటు రండయ్యా, మీకు పుణ్యముంటుంది!"

"తీరిక లేదమ్మా!" అని అరిచాడు బావ. "నువ్వు లాగు."

ఇంకో మూడుసార్లు పీకాడు. మోచేయి గీసుకుపోయింది. బావ నవ్వుతూనే ఉన్నాడు. చివరికి టెస్టర్ దుమ్ము దులుపుకుని లేచి, పళ్ళు నూరుతూ 'లోపం లేదు' అని రాసి సంతకం గీకాడు.

పన్నెండు దాటింది. గుమాస్తా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అయిపోయిందయ్యా. హెడ్డాఫీసువాళ్ళు పొడిగింపు కాగితాలన్నీ కలిపి నెట్‌లో ఒకే పెద్ద ఫైలుగా పెట్టారు. పన్నెండు కొట్టగానే తీసేశారు. మీ ఇద్దరివీ అందులోనే."

"పొద్దుటి నుంచీ ఏం చేస్తున్నావమ్మా?" బావ గొంతు లేచింది.

"ఏం చెయ్యను? తొంభై దాకా రావడం, నెట్ పోవడం, మళ్ళీ సున్నా నుంచి మొదలు. పన్నెండుసార్లు! నువ్వు నా కంప్యూటర్‌లో పెట్టిన దిక్కుమాలిన సాఫ్ట్‌వేరేగా!"



టెస్టర్ తొమ్మిదికి మూడు కలుపుకుని మళ్ళీ బల్ల కిందికి దూరాడు. నీలం కేబుల్ పట్టుకుని దాని వెంటే పాకాడు. అది వాళ్ళ కంప్యూటర్ వైపు పోలేదు, గోడకున్న కంతలోంచి గుమాస్తా గదిలోకి పోయింది.