క్యాబిన్ మీద మనిషి

రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి చెయ్యెత్తాడు. వ్యాను ఆగిపోయింది.

బుల్లయ్య మాత్రం బ్రేకు తొక్కలేదు.

సెల్ఫు కొట్టాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"ఏమైందిరా?" వెనక తొట్టిలోంచి వెంకటేశ్వరమ్మ అరిచింది. ఆవిడ ఒళ్లో కోడలు కోటిరత్నం తల ఉంది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందనీ, వెంటనే నరసరావుపేట ఆసుపత్రికి చేర్చకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరనీ మంత్రసాని చేతులెత్తేసింది.

"ఆ మనిషి చెయ్యెత్తాడు, బండి ఆగింది పిన్నీ. నేనాపలేదు."

ఆవిడ తొట్టి మీద కప్పిన పట్టా ఎత్తి చూసింది. మిట్టమధ్యాహ్నం. కనుచూపు మేర పత్తిచేలు. తెల్లదోమ పడిన ఏడాది కాబట్టి రోడ్డంతా పురుగుమందు వాసనే. మల్లెపూల బుట్ట పక్కన పెట్టుకున్నా తెలిసేది కాదు. చుట్టూ నరమానవుడు లేడు. మరి ఇతను ఎక్కణ్ణుంచి మొలిచాడు?

అంత ఎండలో అతను వణుకుతున్నాడు. కంటిపాపలు ఆవగింజలంత. ఒక బుగ్గ దానంతటదే అదురుతోంది.

దెయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని వెంకటేశ్వరమ్మకు చిన్నప్పట్నుంచీ తెలుసు. వంగి చూసింది. మోకాళ్లదాకా నల్లరేగడి బురద. ముందేదో వెనకేదో దేవుడికే తెలియాలి.

"పేట..." అన్నాడతను, ముందు తలుపు మీద చెయ్యి వేసి. నాలుక మడతపడింది.

"ఎక్కించుకున్నావంటే దూకేస్తా! అది మనిషి కాదురా!"

"వినపడుద్ది పిన్నీ!"

"వినపడనీ. దెయ్యంతో నాకు మొహమాటమేంటి?"

అతను తలుపు మీంచి చెయ్యి తీసేశాడు.

బుల్లయ్య బానెట్టు ఎత్తాడు. గొట్టం ఊడదీసి ఊదాడు, పీల్చాడు, ఉమ్మేశాడు.

"ట్యాంకులోంచి డీజిలు లాగే పంపు పోయింది."

"అయితే నా కోడలు ఇక్కడే పోవాలంటావా?"

"ఒక ఉపాయం ఉంది. డబ్బాలో డీజిలు పోసి క్యాబిన్ మీద పెడితే, గొట్టంలోంచి దానంతటదే కిందికి దిగుద్ది. కాకపోతే డబ్బా దొర్లకుండా, గొట్టం పైకి తేలకుండా ఎవరో ఒకరు కావిలించుకుని కూర్చోవాల."

"నేనెక్కితే దీన్నెవరు పట్టుకుంటారురా?"

కోటిరత్నం అప్పుడే అరిచింది. ఆ అరుపుకి చేలో కొంగలు లేచాయి.

అతను ఖాళీగా ఉన్న ముందు సీటు వంక ఒకసారి చూశాడు. తర్వాత చక్రం మీద కాలు పెట్టాడు. రెండుసార్లు జారి, మూడోసారి పైకెక్కాడు.

"చూశావా? దెయ్యమైతే ఎగిరి కూర్చునేదిగా," అన్నాడు బుల్లయ్య.

"నటిస్తోంది," అంది వెంకటేశ్వరమ్మ.

అతను తలమీది తువ్వాలు విప్పి, నడుమును క్యారియర్ కడ్డీకి కట్టుకున్నాడు. డబ్బా కోసం రెండు చేతులూ చాచాడు.

బుల్లయ్య గొట్టంలో గాలి తీసి సెల్ఫు కొట్టాడు. ఇంజను అందుకుంది.

"ఉన్నావా అబ్బాయ్?" కిటికీలోంచి చెయ్యి పెట్టి పైరేకు మీద కొట్టాడు.

పైనుంచి టక్‌మని ఒక దెబ్బ. ఉన్నాడు.

సంతమాగులూరు దగ్గర అడిగితే, కాస్త ఆలస్యంగానైనా పలికాడు.

ఆ తర్వాత అడగాల్సిన పని లేకపోయింది. గుంత వచ్చినప్పుడల్లా పైనుంచి టక్. టక్.

"విన్నావా పిన్నీ? అడక్కుండానే పలుకుతున్నాడు!"

పట్టా కింద వెంకటేశ్వరమ్మ చెవులు రిక్కించింది. బుల్లయ్య కొట్టినా అదే చప్పుడు. కొట్టకపోయినా అదే చప్పుడు.

ఇంజను మాత్రం ఒక్కసారీ తడబడలేదు.

ఆసుపత్రి వరండాలో వాళ్లను ఎక్కువసేపు నిలబెట్టలేదు. ఆడపిల్ల. తల్లి కూడా దక్కింది. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ పోయేవాళ్లంది డాక్టరమ్మ.

వెంకటేశ్వరమ్మ కళ్లు తుడుచుకుని, టీ గ్లాసుతో బయటికొచ్చింది.

"ఎవరికి పిన్నీ?"

"పైనున్నాయనకి. దెయ్యమైతే మాత్రం గొంతు తడారదా?"

బుల్లయ్య నాలిక్కరుచుకున్నాడు. "హడావుడిలో నేనసలు దించనే లేదు!"

అతను కూర్చునే ఉన్నాడు. ఒళ్లో డబ్బా. దాని చుట్టూ రెండు చేతులు. గొట్టం డీజిల్లో మునిగే ఉంది.

"అయ్యా," పిలిచిందావిడ. "ఇందాక ఏదో నోరుజారాను. మనసులో పెట్టుకోకు నాయనా."

బుల్లయ్య పైకెక్కి అతని చెయ్యి తాకాడు. తాకిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కాంపౌండరు వచ్చి చూశాడు. "పోయి చాలాసేపైంది. దార్లోనే పోయుంటాడు."

"లేదండీ! గేటు దాకా రేకు మీద కొడతానే ఉన్నాడు!"

కాంపౌండరు పట్టుతప్పి వేలాడుతున్న కాలిని చూపించాడు. మడమ తగిలినచోటల్లా రేకు మీద బురద మరకలు.

డబ్బా చుట్టూ బిగుసుకున్న వేళ్లను ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది. అతన్ని వ్యానుకి అవతలి పక్కన పడుకోబెట్టారు. టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక వెంకటేశ్వరమ్మ పట్టుకునే నిలబడింది.

గేట్లోంచి ఒకామె పిల్లనెత్తుకుని పరుగున వచ్చింది. వ్యానుని చూసి ఆగి, ఒంటిచేత్తోనే దణ్ణం పెట్టింది.

"మా ఆయన్ని ఎక్కించుకొచ్చింది మీరేనా అమ్మగారూ? నా పేరు ఎలీసమ్మండి. పక్కచేనోళ్లు చెప్పారు, ఆయన మీ బండి మీద పోతుంటే చూశామని."

ఎలీసమ్మ పిల్లని చంక మార్చుకుంది.

"మీ కడుపు చల్లగుండ! చేలో పురుగుమందు కొడతా కొడతా పడిపోయాడండీ, ఏ బండైనా ఆపి పేట ఆసుపత్రికి పొమ్మని రోడ్డు మీద నిలబెట్టి, నేను పిల్లదాని కోసం ఇంటికెళ్లా... ఏ వార్డులో చేర్పించారమ్మా?"