ఐలి దాచిన చోటు

"కళ్లు మూసుకో," అంది ఐలి, మెడకు చుట్టుకున్న రుమాలు విప్పుతూ.

తాయిస్తో కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఈ వయసులో దాగుడుమూతలా?"

"నా హిల్లా పళ్ల చోటుకి వెళ్తున్నాం. దారి నీకు తెలియకూడదు."

సరస్సు ఒడ్డున టెంటు ముందు నిప్పు ఇంకా పొగలేస్తోంది. తాయిస్తో బస్సు నడిపి రిటైరైనవాడు. ఐలి భర్త వేయినోను పోగొట్టుకున్న మనిషి. వసంతంలో ఊరి డాన్సుల దగ్గర కలిశారు. నెల కిందట అతను "నా ఇంటికి వచ్చెయ్యి" అన్నాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు. "హిల్లా పళ్లు పండాక చెప్తా" అంది.

ఆ మంచుదేశపు ఉత్తర పల్లెల్లో మనిషి తన జీతమెంతో చెబుతాడు, జబ్బేమిటో చెబుతాడు, చిత్తడినేలల్లో అరుదుగా దొరికే హిల్లా పళ్లు ఎక్కడ కోస్తాడో మాత్రం చెప్పడు.

"వేయినోకి కూడా ఇలాగే గంతలు కట్టావా?" అన్నాడు తాయిస్తో.

"ఆయన్ని అసలు తీసుకురాలేదు. రెండు గ్లాసులు పడితే ఆయన నోటికి తలుపుండేది కాదు. ఆస్పత్రిలో చివరి రోజున కూడా అడిగాడు."

"చెప్పావా?"

"పక్కన నర్సు ఉంది."

అతను నవ్వాడు. ఐలి ముడి బిగించింది.

"మరి నాకెందుకు చూపిస్తున్నావు?"

"పోయినేడు ఊబి తొడ దాకా లాక్కుంది. బయటపడేసరికి పొద్దు వాలింది. చెయ్యందించేవాళ్లు లేరు. ఈ చోటైనా వదులుకోవాలి, ఒక మనిషినైనా నమ్మాలి."

"నోరు జారితే?"

"కొట్లో ఒక్క మాట అన్నావని తెలిస్తే చాలు. నీ ఇంటికి రాకపోవడమే కాదు, బస్టాండులో ఎదురుపడినా పలకరించను."

అతను ఆమె సంచి పట్టీ పట్టుకుని వెనక నడిచాడు. ఐలి కావాలనే మడుగు చుట్టూ తిప్పింది. మళ్లీ తిప్పింది.

"ఈ కొమ్మ ఇందాక కూడా మొహానికి తగిలింది."

"ఇక్కడ కొమ్మలన్నీ ఒకటే. నడు."

కాసేపటికి కాలికింద నేల మెత్తబడింది. బూట్ల చుట్టూ నీళ్లు చప్పుడు చేశాయి. తాయిస్తో అడుగు నెమ్మదించింది.

ఐలి గంతలు విప్పింది. ఎదుట చిత్తడినేల. నాచు మీద హిల్లా పళ్లు, అవతలి చెట్ల వరకూ పసుపు. తాయిస్తో వచ్చిన దారికేసి చూశాడు. ఎండిపోయిన పైన్ చెట్టుకేసి చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"ఏమయ్యా, మాట పడిపోయిందా?"

"ఏమనాలో తెలీడం లేదు, ఐలీ."

"మా అమ్మమ్మ అమ్మకి చూపించింది. అమ్మ నాకు చూపించింది. ఇంకో మనిషి ఇక్కడ కాలు పెట్టలేదు. కొంగలే, ఏటా నాకంటే ముందొచ్చి సగం మింగేస్తాయి."

"కొంగలకి ఆశెక్కువ," అన్నాడతను, బకెట్ తీసుకుని వంగుతూ.

బకెట్లు నిండుతుండగా ఆమె కుడి కాలు దిగబడింది. అతను బోర్లా పడుకుని రెండు చేతులతో లాగాడు. కాలు వచ్చింది, బూటు రాలేదు. దాన్ని వెతికి తీసి, నీళ్లు వంచి, ఆమె కాలికి తొడిగాడు.

"ఈ పళ్లెక్కడివని ఎవరైనా అడిగితే?" అంది ఐలి, ఊపిరి కుదుటపడ్డాక.

"అడవిలోవి అంటాను."

"ఏ అడవి?"

"చెట్లున్న అడవి."

ఐలి చాలాసేపు అతని మొహం చూసింది. "శనివారం వ్యాను తీసుకురా. బరువంటే కుట్టుమిషనే. మిగతావన్నీ చిన్న పెట్టెలు."

అతను తలూపాడు. తల వంచుకునే బకెట్లు రెండూ ఎత్తుకున్నాడు.

తిరుగుదారిలో ఆమె గంతలు కట్టలేదు. "గుర్తుపెట్టుకో. ఆ బండ దాటాక ఎడమకి. కాలువ దగ్గర దుంగ మీంచి."

"బండ దాటాక కుడికి," అన్నాడు తాయిస్తో.

"ఎడమకయ్యా. నీ చేతికి బస్సెలా ఇచ్చారో."

"ఎడమకి. కాలువ దగ్గర దుంగ మీంచి," అని అప్పజెప్పాడు తాయిస్తో, బడిపిల్లాడిలా.

చిన్నప్పుడే ఆ చోటు అతనికి వాళ్ల నాన్న చూపించాడు.