విప్పిన ఉచ్చులు

పొద పక్కన కూచుని ముసలమ్మ ఇనప తీగ చుడుతోంది.

గార్డు వెనక నుంచి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె అరవలేదు. సంచి మాత్రం గుండెకి అదుముకుంది.

లాక్కుని చూస్తే నిండా ఉచ్చులే.

"దొరికావా!" అన్నాడు గార్డు.

ఆ అడవికి కొత్తగా వచ్చాడతను. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే బెంగ. అడవి మొత్తానికి మిగిలింది ఒక్క చిరుతపులి. అదీ కడుపుతో ఉంది. దాని అడుగులు కనబడని పూట అతనికి ముద్ద దిగేది కాదు.

"నేను వెయ్యలేదు బాబూ. విప్పుతున్నాను."

"ఓహో, పుణ్యానికా?"

"అలాగే అనుకో."

"మరి వేసేదెవరు?"

ముసలమ్మ నోరు తెరిచింది. అంతలో గార్డు జీపు వచ్చి ఆగింది. డ్రైవరు దిగాడు. ఆమె నోరు మూసుకుంది.

"వీళ్ళంతా ఇంతే సార్," అన్నాడు డ్రైవరు, ఆమె మొహం చూడకుండానే. "చేతిలో పెట్టుకుని కూడా నాది కాదంటారు. స్టేషన్లో పడేద్దాం పదండి."

జీపు వెనక తలుపుకి గడియ ఊడిపోయి చాలా కాలమైంది. ఆమెని ఎక్కించి, డ్రైవరు తలుపుని తీగతో బిగించాడు. మెలికలు తిప్పి, ఎవరికీ గీరుకోకుండా కొసని లోపలికి వంచాడు.

"మెల్లగా పోనీ నాయనా," అంది ముసలమ్మ వెనక నుంచి.

డ్రైవరు తన ముందున్న అద్దాన్ని పక్కకి తిప్పేశాడు.

స్టేషన్ మెట్ల మీద ఆమె గార్డు చొక్కా పట్టుకుంది.

"నన్నొదిలెయ్యి బాబూ. తెల్లారగానే నేను పోకపోతే, నీళ్ళ రేవు దగ్గర..."

"నీళ్ళ రేవుకి ఇంక నీ పీడ విరగడైందిలే," అని విదిలించుకున్నాడు గార్డు.

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

పొద్దున రేవు దారిలో చిరుత అడుగులు లేవు. మర్నాడూ లేవు. కోతులు కూడా కిక్కురుమనడం లేదు. అడవి ఊపిరి బిగబట్టినట్టుంది.

ఆ పై రోజు కాకులు దారి చూపించాయి.

రేవు పక్కనే పడి ఉంది చిరుత. తీగ మెడలోకి దిగిపోయింది. చుట్టూ నేలంతా గోళ్ళతో దున్నేసింది. పొట్ట మాత్రం ఎత్తుగా అలాగే ఉంది.

గార్డు దాని పక్కన కూచున్నాడు. ఉచ్చు విప్పబోయి ఆగిపోయాడు.

మెలికలు తిప్పిన తీగ. లోపలికి వంచిన కొస.

మెల్లగా తల తిప్పి జీపు వైపు చూశాడు. డ్రైవరు వెనక తలుపుకి ఆనుకుని నించున్నాడు. దగ్గరికి రావడం లేదు.

"నువ్వా?"

డ్రైవరు తలుపుకున్న తీగ విప్పసాగాడు.

"ఆ ముసలావిడకి తెలుసా?"

"తెలియకేం సార్. రాత్రి నేను కట్టినవన్నీ పొద్దున్నే వచ్చి విప్పేసేది. ఎన్నిసార్లు తిట్టానో."

గార్డు లేచి అతని దగ్గరికి నడిచాడు.

"మరి నేనడిగినప్పుడు నీ పేరు ఎందుకు చెప్పలేదు?"

డ్రైవరు తలుపు వేసి, తీగ బిగించి, కొసని జాగ్రత్తగా లోపలికి వంచాడు.

"ఏ తల్లి చెబుతుంది సార్?"