ఇంకొక్కసారి నొక్కితే

"చెయ్యి వదలరా! గనిలో నీళ్ళు పెరుగుతున్నాయి. మీ బావ ఇంకా బోనులోనే ఉన్నాడు!"

కంట్రోల్ రూంలో అక్క అప్పటికే రెండుసార్లు బటన్ నొక్కింది. మూడోసారి నొక్కబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. నొక్కినప్పుడల్లా, మనుషుల్ని గనిలోంచి తెచ్చే ఆ ఇనుప బోను పది మీటర్లు పైకి రావాలి; అది దాదాపు ఇరవై మీటర్ల కింద ఆగిపోయింది. రెండుసార్లూ తెర మీద 'విఫలమైంది' అనే పడింది.

"ఈ ప్రోగ్రాం రాసింది నేనక్కా. మోటారు నుంచి జవాబు రాకపోతే అలాగే చూపిస్తుంది. పని జరిగిపోయి, జవాబొక్కటే దారిలో పోయుండొచ్చు."

"మరి నాకెలా తెలిసి చస్తుంది?"

"లాగమనకు. బోను ఎక్కడుందో అడుగు. ఎన్నిసార్లు అడిగినా ప్రమాదం లేదు."

అడిగింది. జవాబు లేదు. ఏడుస్తూ మళ్ళీ అడిగింది.

ఈసారి వచ్చింది. బోను పైకొచ్చేసి, తాడు తిరిగే పై చక్రానికి జానెడు కింద ఆగి ఉంది. ఇంకోసారి లాగితే దానికి గుద్దుకుని నుజ్జయ్యేది.

అక్క తెర మీది 'విఫలమైంది' వైపు వేలు చూపించింది.

"ఆ మాట మార్చరా," అంది. "తెలీనప్పుడు తెలీదనే రాయి."